అనుభవం లేని నాలుక

వైన్స్ అని బోర్డు పెట్టుకున్న దుకాణాల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతున్నాయన్న సంగతి చాలా కాలం ప్రభుత్వం దృష్టికి రాలేదు. ఒక పెద్ద అధికారి విదేశీ పర్యటన ముగించుకుని వచ్చిన ఊపులో దారిలో కారాపి, అలాంటి దుకాణంలో వైన్ అడిగాడట. దుకాణదారు ఆయన్ని ఎగాదిగా చూసి, "గదెవలు తాగుతరు సార్? బీరున్నది, బ్రాందీ ఉన్నది" అన్నాడట. అయినా ఆయన పట్టుబడితే అడుగు అరలోంచి ఒక సీసా లాగి, లుంగీ అంచుతో దుమ్ము తుడిచి చేతిలో పెట్టాడట. ఆ తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే మండలి ఏర్పడింది.

దాని పేరు రాష్ట్ర సామాన్య గృహ ద్రాక్షాసవ ఆస్వాద ప్రమాణాల మండలి. ఆ పేరు పూర్తిగా పలికేలోగా ఒక గ్లాసు ఖాళీ చేయవచ్చని గిట్టనివాళ్ళు అన్నారు గానీ, ఆశయం మాత్రం గొప్పది. సామాన్యుడు బజారులో నిలబడి తాగడం మానుకోవాలి. ఇంట్లో భార్యాబిడ్డల నడుమ కూర్చుని, చవకలో దొరికే వైన్‌ను అన్నం కూరలతో మర్యాదగా సేవించాలి. ఏ సీసా ఎలా ఉందో పదికి మార్కులు వేసి అతనికి మండలి చెబుతుంది. సామాన్యుడి కోసం కాబట్టి ఆ రుచి చూడడం కూడా ఒక సగటు ఇంట్లో, ఒక సగటు గృహస్థు చేతనే జరగాలని నియమం. అన్నిటికన్నా ముఖ్యమైనది పద్నాలుగో నియమం: రుచి చూసేవాడికి పూర్వానుభవం ఉండరాదు. అనుభవం పక్షపాతానికి తల్లి అని దాని కింద వివరణ కూడా రాశారు.

జగిత్యాలలోని జిల్లా కార్యాలయంలో ముప్పై ఒక్కమంది ఉద్యోగులుంటే, ముప్పైమంది పూర్వానుభవం కారణంగా మొదటి రోజే అనర్హులయ్యారు. మిగిలినవాడు బండి ఓదెలు. పశుసంవర్ధక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన సీనియర్ అసిస్టెంట్. యాభై రెండేళ్ళు వచ్చినా చుక్క ముట్టనివాడు. తండ్రి రాజాగౌడు తాటిచెట్లెక్కి కల్లు దించేవాడు. "కల్లమ్మెటోని కొడుకు కల్లు తాగితే కుండ మిగలది బిడ్డా" అని ఆయన చిన్నప్పుడు చెప్పిన మాటను ఓదెలు గట్టిగా పట్టుకున్నాడు. తండ్రి పోయాడు, కుండలు పోయాయి, మాట మిగిలింది.

డిప్యూటీ డైరెక్టర్ విద్యాధర్ గారు అతన్ని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించారు. అప్పుడే ఓదెలుకు భయం వేసింది. ఆ గదిలో అతనికి ఎవరూ కుర్చీ చూపించి ఎరగరు.

"ఓదెలు గారూ, మీ నాలుక ఇన్నాళ్ళుగా నిరుపయోగంగా పడి ఉన్న ఒక ప్రజా వనరు. దాన్ని వినియోగంలోకి తేవాలని మండలి తీర్మానించింది."

"నాకు అలవాటు లేదు సార్."

"అదే మీ అర్హత."

"వాసనొస్తేనే కడుపుల తిప్పుతది సార్."

"అది అదనపు అర్హత" అని విద్యాధర్ గారు ఫైల్లో రాసుకున్నారు. "ఈ పని పూర్తయ్యేసరికి మీ సూపరింటెండెంట్ ప్రమోషన్ ఫైలు కూడా కదులుతుంది. కదలవలసిన దిశలోనే కదులుతుంది."

ఓదెలు పదకొండేళ్ళుగా సీనియర్ అసిస్టెంటు. సరేనన్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున సీసాల డబ్బా ఇంటికి వచ్చింది. దాంతోపాటు అరవై నాలుగు గడుల ఫారం. ఒక గడిలో, కింది రుచుల్లో ఏవేవి తగిలెనో గుర్తించవలెను అని ఉంది: అడవి పండ్లు, చుట్టల పెట్టె, పాత తోలు, తడిసిన రాయి. ఓదెలు భార్య భూదేవి దాన్ని రెండుసార్లు చదివింది.

"తడిసిన రాయి రుచి ఎట్లుంటదో నీకెరికేనా?"

"తెల్వది."

"మరెట్ల రాస్తవ్?"

ఓదెలు చట్టప్రకారం నడిచే మనిషి. తెలియదని ఆఫీసుకు రాశాడు. రెండు వారాలకు హెడ్డాఫీసు నుంచి పార్సిల్ వచ్చింది. అందులో ముద్ర వేసిన గులకరాయి ఒకటి, పాత తోలు ముక్క ఒకటి. రాయిని తడిపి మూడుసార్లు నాకి, తుడిచి, రసీదు తీసుకుని తిరిగి అప్పగించాలని సూచనలు. ఓదెలు వరండాలో కూర్చుని నాకాడు. తోలు ముక్క దగ్గరికి వచ్చేసరికి అది చెప్పు ముక్కేనని భూదేవి తేల్చి చెప్పింది. కుట్లు కూడా చూపించింది. అయినా నాకాడు.

"రాళ్ళు నాకె మొగన్ని జూసిన ఆడిదాన్ని జగిత్యాల మొత్తంల నేనొక్కదాన్నే కావచ్చు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నియమం ప్రకారం పగలు పదకొండు గంటలకు మొదటి సీసా మూత తీశారు. ఓదెలు కళ్ళు మూసుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ఒళ్ళంతా జలదరించింది.

"ఎట్లున్నది?" అంది భూదేవి, కలం పట్టుకుని.

"దగ్గుమందు లెక్కున్నది."

అరవై నాలుగు గడుల్లో దగ్గుమందు ఎక్కడా లేదు. ఇద్దరూ ఫారాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, వరండాలో మంచం మీద కూర్చున్న ఓదెలు తల్లి ఎల్లవ్వ చెయ్యి చాచింది.

"ఇటు దే బిడ్డా."

ఎల్లవ్వకు డెబ్బై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు భర్తతోపాటు కల్లు అమ్మే మండువలో కూర్చుంది. ప్రతి పొద్దునా చెట్ల మీంచి దిగిన ఒక్కో కుండలో ఒక్కో గుక్క తాగి, ఇది వాగు గడ్డ మీది తాటిచెట్టుది, దీని మీద రాత్రి వాన పడ్డది, ఇది బాలింతకు మంచిది, ఇది పారబోయండి అని చెప్పేది. ఆమె మాట అయ్యేదాకా రాజాగౌడు ఎవరికీ కల్లు పోసేవాడు కాదు.

ఆమె గ్లాసు అందుకుని వాసన చూసింది. ఒక్క గుక్క నోట్లో తిప్పింది. మింగి గ్లాసు కింద పెట్టింది.

"పండు మంచిదే. కోసినోడే ఆగం జేసిండు. పండకముందే కోసిండు. అందుకే ముందుగాల తియ్యగ మాట్లాడి ఎనుకకెల్లి గిచ్చుతున్నది. యాటకూర తోని అయితె నడుస్తది. ఉత్తగ తాగొద్దు. నాలుగెయ్యి."

ఓదెలు పాతికేళ్ళ గుమాస్తా అనుభవంతో దాన్ని ప్రభుత్వ తెలుగులోకి మార్చాడు: "ప్రారంభమున సౌమ్యత, అనంతరము స్వల్ప దౌర్జన్యము. ఫల సేకరణలో తొందరపాటు వ్యక్తమగుచున్నది. మాంసాహారముతో సఖ్యత. నాలుగు." పరీక్షకుడు అన్న చోట తన పేరు రాశాడు. ఎల్లవ్వ పేరు రాయడానికి వీల్లేదు కదా, పద్నాలుగో నియమం ఉంది.

ఇలా వారానికి మూడు సీసాలు. ఎల్లవ్వ తాగేది ఒక్కో సీసాకు ఒక్క గుక్కే. ఒకదాన్ని "ఇది సుట్టం లెక్క, ఒక్క పూటకు ముద్దు" అంది. ఇంకోదాన్ని "పేదోని ఇంట్ల పుట్టింది గని మర్యాద తెలుసు, ఎనిమిది" అంది. హెడ్డాఫీసులో ఓదెలు నివేదికలను సమావేశాల్లో పైకి చదవడం మొదలుపెట్టారు. తొమ్మిదో వారానికి ఉత్తర్వు వచ్చింది. బండి ఓదెలు నాలుకను రాష్ట్ర ప్రామాణిక రసనగా ప్రకటించారు. ప్రకటించిన తరువాత అది ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తికి కాపలా ఉండాలి.

శేషాచారి అనే పర్యవేక్షకుణ్ణి వేశారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆయన డ్యూటీ ఓదెలు వంటింట్లో; సీసాలు తెరిచే వరండా ఆయన హద్దులోకి రాదు. మెత్తటి మనిషి. మెత్తగానే చదివి వినిపించాడు.

"ప్రామాణిక రసనకు కారం నిషిద్ధమండీ. పచ్చళ్ళు నిషిద్ధం. చాయ్ గోరువెచ్చగానే. నాలుకతో ఎవరినీ గట్టిగా తిట్టరాదు."

"మరి కారం కూర వండితె?" అంది భూదేవి.

"రసన పరిసరాల్లోంచి దాన్ని తొలగించవలసిన బాధ్యత నాదమ్మా."

ఆయన బాధ్యత తెలిసిన ఉద్యోగి. భూదేవి వండిన బోటికూర, చింతపండు వేసిన చేపల పులుసు, ఏదీ మిగలకుండా మూడు పూటలా స్వయంగా తొలగించేవాడు. ఓదెలు ఎదురుగా కూర్చుని పెరుగన్నం తినేవాడు. నెల తిరిగేసరికి ఓదెలు చొక్కా వదులైంది, శేషాచారి చొక్కా బిగిసింది.

ఆ మధ్యలో భూదేవి కొత్త మిక్సీ కొన్నది. దానివల్ల ఇంటి సగటుతనానికి భంగం కలిగిందని శేషాచారి నివేదిక పంపాడు. సగటు పునరుద్ధరించమని మెమో వచ్చింది. మిక్సీ అటక మీదికెక్కింది. భూదేవి రోలు ముందు కూర్చుని రుబ్బుతూ, "నీ నాలిక ఎప్పుడు రిటైరైతది?" అని అడిగింది. ప్రమోషన్ రాగానే అన్నాడు ఓదెలు.

ముప్పై ఏడో సీసా వచ్చింది. దాని పేరు జనాసవం. మండలి స్వయంగా సిఫారసు చేసి, ఊరూరా చవకగా అమ్మించబోతున్న వైన్. ప్రారంభోత్సవం తేదీ కూడా ఖాయమైంది. ఎల్లవ్వ ఒక గుక్క నోట్లో పోసుకుని, వెంటనే లేచి వరండా బయటికి ఉమ్మింది. మూడు నెలల్లో ఆమె ఉమ్మడం అదే మొదలు.

"దీన్ల ఎలుక పడ్డదని నేనన. పడ్డా ఇంతకన్న మంచిగుండు. పులిసి సిర్క అయ్యింది కొడుకా. మీద చక్కెర పోసి దాసిండ్రు. ఒకటి గూడ ఎక్కువే."

ఓదెలు ఒకటి వేసి పంపాడు. మర్నాడే పిలుపు వచ్చింది. ఈసారి కూడా విద్యాధర్ గారు కుర్చీ చూపించారు.

"మీ నాలుక అలసిపోయినట్టుంది. ఈ నమూనా తొమ్మిదికి తగ్గదని చైర్మన్ గారి అభిప్రాయం."

"చైర్మన్ గారు తాగిండ్రా సార్?"

"అభిప్రాయానికి, తాగడానికి సంబంధం లేదు. నాలుకకూ చైర్మన్ గారికీ మధ్య తేడా వచ్చినప్పుడు దిద్దుకోవలసింది నాలుకే. మీ ప్రమోషన్ ఫైలు ఇవాళ నా బల్ల మీదే ఉంది. చూడండి, ఇదిగో."

ఓదెలు చూశాడు. నీలం అట్ట. మీద తన పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"తొమ్మిదేస్తె ఏమైతది?" అంది భూదేవి.

"జనం కొనుక్కొని తాగుతరు."

"తాగితె ఏమైతది?"

ఎల్లవ్వ వరండాలోంచే జవాబిచ్చింది. "రెండు దినాలు కడుపుల మంట. మూడో దినం నా కొడుకును తిడ్తరు. తిట్టాలె గూడ."

ఓదెలు తొమ్మిదీ వేయలేదు, ఒకటీ దిద్దలేదు. వారం రోజులు ఊరుకున్నాడు. దాంతో ప్రామాణిక రసన పాడైందా అని తేల్చడానికి త్రిసభ్య సంఘమే ఇంటికి వచ్చింది. విద్యాధర్ గారు, హెడ్డాఫీసు నుంచి మరో ఇద్దరు. శేషాచారి చాప పరిచి, ఆరు గ్లాసుల్లో ఆరు వైన్లు పోసి, అంకెల చీటీలు అంటించాడు. ఏ అంకె ఏ సీసాదో హెడ్డాఫీసు ఆయన జేబులో ఉన్న కాగితం మీద ఉంది.

"కానివ్వండి" అన్నారు విద్యాధర్ గారు.

ఓదెలు మొదటిది తాగాడు. దగ్గుమందు. రెండోది తాగాడు. దగ్గుమందు. ఆరింటికి ఆరూ అతనికి దగ్గుమందులే. చాప మీద ముగ్గురు అధికారులు కలాలు పట్టుకుని అతని మొహంకేసి చూస్తున్నారు. ఏదో ఒక అంకె చెప్పేయవచ్చు. చెబితే ఎవరికీ తెలియదు కూడా. అతని చూపు గడప అవతల తల్లి మీద పడింది. ఆమె ఆ గ్లాసులకేసి చూస్తోంది. వెన్ను నిటారుగా ఉంది, చీర కొంగు భుజం మీదికి సర్దుకుంది. చిన్నప్పుడు పొద్దుటి పూట మండువలో ఆమె అలాగే కూర్చునేది. చుట్టూ ఊరి మగవాళ్ళు నోరు మూసుకుని ఆమె మాట కోసం నిలబడేవాళ్ళు. ఆమె మాటల కింద తాను ముప్పై ఏడుసార్లు తన పేరు రాసుకున్నాడు. ఓదెలుకు చెవులు వేడెక్కాయి.

"అవ్వా, నువ్వు జూడవే" అన్నాడు.

"ఆమెకు పూర్వానుభవం ఉన్నట్టు కనిపిస్తోంది" అన్నారు విద్యాధర్ గారు అనుమానంగా.

"నలభై ఏండ్లు ఉన్నది సారూ" అంటూ ఎల్లవ్వ వచ్చి చాప మీద కూర్చుంది. ఎవరూ ఆపేలోగా ఒక్కో గ్లాసూ ఎత్తింది. ఒక్కో గుక్క. నాలుగు గ్లాసులకు నాలుగు మాటలు చెప్పింది. రెండోదీ ఐదోదీ దగ్గరగా జరిపి, మళ్ళీ ఒకసారి వాసన చూసింది.

"గీ రెండు ఒక్కటే. ఒక్క కుండలదే. రెండో గ్లాసుల చక్కెర ఎక్కువ గలిపిండ్రు, గంతే."

హెడ్డాఫీసు ఆయన జేబులోంచి కాగితం తీసి చూశాడు. ఐదోది, తాగడానికి పనికిరాదని మండలి గత నెలలో నిషేధించిన సరుకు. రెండోది జనాసవం. ఆయన కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఫ్యాన్ కేసి చూడసాగాడు.

విద్యాధర్ గారు కలానికి మూత పెట్టారు. "ఈ అభిప్రాయం సరైనదే కావచ్చు. కానీ సరైన పద్ధతిలో సరైనది కాదు. దీన్ని రికార్డులోకి తీసుకోలేం."

ఓదెలు ఫారం లాక్కున్నాడు. తన పేరు కొట్టేశాడు. పరీక్షకురాలు బండి ఎల్లవ్వ అని రాశాడు. అనుభవం నలభై ఏండ్లు అని రాశాడు. ఇదివరకు పంపిన ముప్పై ఏడు నివేదికలు కూడా ఈమెవే అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశాడు. తేదీ కింది కాగితం మీద కూడా అచ్చుపడేంత గట్టిగా పడింది.

దాంతో మండలి చిక్కులో పడింది. జనాసవానిది తప్ప మిగతా ముప్పై ఆరు నివేదికలతో పుస్తకం అచ్చు వేసి జిల్లాలన్నిటికీ పంచేశారు. అవి తప్పంటే పుస్తకం పోతుంది, ఒప్పంటే పద్నాలుగో నియమం పోతుంది. మూడు రోజులు ఆలోచించి మార్గం కనిపెట్టారు. నియమాన్ని మార్చడం కన్నా ఎల్లవ్వను మార్చడం తేలిక. విద్యాధర్ గారు స్టాంపు కాగితం పట్టుకుని స్వయంగా వచ్చారు. పుట్టినది మొదలు నేటి వరకు ఏ మత్తు పానీయమునూ రుచి చూచి ఎరుగనని ఎల్లవ్వ ప్రమాణం చేస్తున్నట్టు అందులో ఉంది.

"వేలిముద్ర వేస్తే చాలమ్మా. మీరు అనుభవం లేనివారవుతారు. నివేదికలన్నీ చెల్లుతాయి. మీ అబ్బాయి సూపరింటెండెంటు అవుతాడు. జనాసవానికి మాత్రం మరోసారి, ప్రశాంతంగా మార్కులు వేద్దురు గాని."

ఎల్లవ్వ కాగితం చదివించుకుని విన్నది. సిరా డబ్బా కేసి చూసింది.

"నేను కల్లు ఎరుగనంటె, నా పెనిమిటి ఎక్కిన తాళ్ళు ఎవలియి సారూ? ఆయన నా నోటి మాట ఇని కుండ పంచిండు. ఎండల ఎక్కిండు, వానల ఎక్కిండు. గదంత ఉత్తదేనని ఏలు ఎయ్యాల్నా?"

"కాగితం వరకే అమ్మా."

"నా మాట నోటి వరకే ఉన్నదిన్నేండ్లు. నోట్లె ఒకటి, కాయితంల ఒకటి నాకు శాతగాదు." అని, ఒక్క క్షణం తగ్గి, కొడుకు వైపు తిరిగింది. "నీ కొలువు సంగతేందిరా? నీకు పనైతదంటె చెప్పు, ఎయ్యమంటె..."

"ఎయ్యకే అవ్వా" అన్నాడు ఓదెలు.

భూదేవి సిరా డబ్బా మూత పెట్టి విద్యాధర్ గారి చేతికిచ్చింది.

వారం లోపల మెమో వచ్చింది: అనుభవజ్ఞురాలైన వ్యక్తిని తన అనుభవమును వినియోగించనిచ్చినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. ఓదెలు ఒక వాక్యంలో జవాబిచ్చాడు: తెలిసినవారిని అడుగుట మా ఇంటి అలవాటు, ఆఫీసులో ఇకమీదట మానుకొందును. అతన్ని స్టేషనరీ గదికి మార్చారు. నీలం అట్ట ఫైలు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. శేషాచారిని వేరే జిల్లాకు వేశారు. వెళ్ళేముందు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. భూదేవి ఆయనకు ఒక డబ్బాలో బోటికూర కట్టిచ్చి, అటక మీంచి మిక్సీ దించుకుంది.

మండలి మాత్రం తన పని ఆపలేదు. గొడవలన్నిటికీ మూలం రుచి చూడడమేనని ఒక ఉపసంఘం తేల్చింది. ఆ దశను తొలగించారు. సీసా బరువు, మూత బిగువు, లేబుల్ మీది అక్షరాల అందం బట్టి మార్కులు వేయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఏ సీసాకూ తొమ్మిదికి తగ్గలేదు. జనాసవానికి పదికి పది వచ్చాయి.

జగిత్యాల జనం ఆ పుస్తకం చదవడం మానేసి, సీసాలు పట్టుకుని ఓదెలు వరండాకు రావడం మొదలుపెట్టారు. ఎల్లవ్వ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఒక గుక్క, ఒక మాట. స్టేషనరీ గది నుంచి అయిదింటికే ఇల్లు చేరుతున్న ఓదెలు, తల్లి పక్కన పీట వేసుకుని ఆమె అన్నది అన్నట్టే నోటు పుస్తకంలో రాసేవాడు. ప్రభుత్వ తెలుగులోకి మార్చడం మానేశాడు.

ఒక శనివారం సాయంత్రం ఆ వరుసలో చివరన విద్యాధర్ గారు నిలబడి ఉన్నారు. మిగిలినవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, గుడ్డ సంచిలోంచి సీసా తీశారు. జనాసవం.

"నేను ఆఫీసర్‌గా రాలేదమ్మా. రేపు చైర్మన్ గారు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఇది పోయవచ్చునా, కూడదా చెప్పండి."

ఎల్లవ్వ మూత తీసి వాసన చూసింది. ఈసారి నోట్లో కూడా పోసుకోలేదు.

"వచ్చె మనిషి మీద నీకు పేమున్నదా సారూ, కోపమున్నదా?"

విద్యాధర్ గారు అటూ ఇటూ చూశారు. "మండలి తరఫున అయితే గౌరవం ఉంది."

"నీ తరుపున అడిగిన."

ఆయన సీసా మీది లేబుల్ కేసి చూశారు.

"పేముంటె మంచినీళ్ళియ్యి. కోపముంటె గిది పొయ్యి."

విద్యాధర్ గారు మూత గట్టిగా బిగించి, సీసాను గుడ్డ సంచిలో పదిలంగా పెట్టుకుని, ఆమెకు నమస్కారం చేసి వెళ్ళిపోయారు.